ఆటలమ్మ ఐజీజీ పరీక్ష: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి దండగ

"చిన్నప్పుడే పోసేసి ఉంటుందిలే." ఆటలమ్మ మాట వచ్చినప్పుడల్లా పెద్దవాళ్ళు తమ గురించి తాము చెప్పుకునే మాట ఇది. అది నిజమో కాదో తేల్చే రక్తపరీక్ష ఉంది. ల్యాబు ధరల పట్టికలో 'వరిసెల్లా జోస్టర్ ఐజీజీ' అని కనిపిస్తుంది. వరిసెల్లా జోస్టర్ అంటే ఆటలమ్మ వైరస్, ఐజీజీ అంటే జబ్బు వచ్చిపోయాక రక్తంలో మిగిలే రక్షక యాంటీబాడీ. ఆ పరీక్షనీ, దాని వెనకే వచ్చే రెండు డోసుల టీకానీ కలిపి ఇక్కడ తూకం వేస్తున్నాం. తీర్పు ముందే చెప్పేస్తాం: ఆటలమ్మ వచ్చిందో లేదో గుర్తులేని, టీకా కార్డు లేని, ఇక్కడే పుట్టి పెరిగిన పెద్దవాళ్ళకి ఇది మంచి పరీక్ష. టీకా రెండు డోసులూ వేయించుకున్నవాళ్ళకీ, ఒంటి మీద పొక్కులు ఉండగా ల్యాబుకి పరిగెత్తేవాళ్ళకీ మాత్రం డబ్బు దండగ. పైగా తప్పుదారి పట్టించే ప్రమాదం కూడా ఉంది.

అసలు పరీక్ష ఎందుకు? పెద్దవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది కదా? ఈ నమ్మకం చలిదేశాల్లో చాలావరకు నిజం. అమెరికాలో టీకా రాకముందు, 1988 నుంచి 1994 దాకా చేసిన దేశవ్యాప్త రక్త సర్వేలో 20 నుంచి 29 ఏళ్ళ వాళ్ళలో 95.5 శాతం మందికి, 30 నుంచి 39 మధ్య 98.9 శాతం మందికి యాంటీబాడీలు కనిపించాయి. నలభై దాటినవాళ్ళలో మిగిలింది నూటికి ఒకరు కూడా లేరు. అక్కడ ఆటలమ్మ అంటే బడికి వెళ్ళే పిల్లల జబ్బు, చిన్నతనంలోనే దాదాపు అందరికీ వచ్చిపోయేది.

మన దగ్గర లెక్క వేరు. 2000లో ఇండియన్ పీడియాట్రిక్స్‌లో అచ్చయిన అధ్యయనం ప్రకారం ఒకటి నుంచి అయిదేళ్ళ పిల్లల్లో సుమారు 29 శాతం మందికే యాంటీబాడీలున్నాయి. 5–10 ఏళ్ళ వాళ్ళలో 51 శాతం, 11–15లో 72, 16–20లో 80, 21–25లో 88, 31–40లో 91. ఉన్నవాళ్ళ అంకె చూస్తే 91 అంటే బాగానే ఉందనిపిస్తుంది. లేనివాళ్ళ వైపు నుంచి చూడండి: ముప్ఫైల్లో ఉన్నవాళ్ళలో అమెరికాలో నూటికి ఒకరు మిగిలితే, ఇక్కడ నూటికి తొమ్మిది మంది మిగిలారు. ఇంటర్ రెండో సంవత్సరం సెక్షన్లో అరవై మంది ఉంటే పన్నెండు మందికి ఇంకా రాలేదన్న మాట. ఆ పన్నెండు మందీ ఒకే హాస్టల్లో, ఒకే డైనింగ్ హాల్లో ఉంటారు. ఒక ఇంట్లో ఒకరికి వస్తే, రోగనిరోధక శక్తి లేని మిగతావాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందిని అంటుకునే జబ్బు ఇది. చలి తగ్గే రోజుల నుంచి ఉగాది దాటేదాకా, సరిగ్గా పరీక్షల కాలంలో, కాలేజీ హాస్టళ్ళు ఖాళీ అయ్యేది అందుకే.

ఉష్ణదేశాల్లో ఆటలమ్మ ఎందుకు ఆలస్యంగా వస్తుందో పూర్తిగా తేలలేదు. ఎండకీ ఉక్కకీ వైరస్ తొందరగా చచ్చిపోతుందని ఒక వాదన. పల్లెల్లో ఇళ్ళు దూరదూరంగా ఉండి, కొత్త మనుషులు తక్కువగా వచ్చిపోతారు కాబట్టి పిల్లలకి వైరస్ తగిలే అవకాశమే తక్కువని ఇంకో వాదన. రెండో దానికి బలమిచ్చే ఆధారం ఉంది: 1998లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన అధ్యయనంలో పట్నం యువత కన్నా పల్లె యువతలో యాంటీబాడీలున్నవాళ్ళు బాగా తక్కువ. మన ఊళ్ళకి ఇది అతికినట్టు సరిపోతుంది. పదహారేళ్ళదాకా ఊళ్ళోనే చదివి, హైదరాబాద్‌కో విజయవాడకో రెసిడెన్షియల్ కాలేజీకి వచ్చిన కుర్రాడికి పట్నంలో పుట్టిన సహాధ్యాయి కన్నా ముప్పు ఎక్కువ. పాతికేళ్ళ లోపు, పల్లెలో పెరిగినవాళ్ళకి ఈ పరీక్ష విషయంలో మా మొగ్గు 'చేయించుకోండి' వైపే.

పెద్దయ్యాక వస్తే ఏమవుతుంది? పిల్లలకి దురద, జ్వరం, వారం రోజుల బడి పోవడం. పెద్దవాళ్ళకి న్యుమోనియా భయం, ముఖ్యంగా పొగతాగేవాళ్ళకీ గర్భిణులకీ. అమెరికా లెక్కల్లో టీకాకి ముందు మొత్తం కేసుల్లో పెద్దవాళ్ళు 5 శాతమే, మరణాల్లో మాత్రం దాదాపు 35 శాతం.

ల్యాబుకి వెళ్ళేముందు ఉచితంగా దొరికే పరీక్ష ఒకటి ఉంది: అమ్మని అడగడం. చలిదేశాల్లో "నాకు చిన్నప్పుడు వచ్చింది" అన్నవాళ్ళ మాట దాదాపు ఎప్పుడూ నిజమే అవుతుంది. మన దగ్గర భాషే అడ్డం వస్తుంది. ఆటలమ్మ, చిన్నమ్మవారు, అమ్మవారు, తట్టు, పొంగు... ఒంటి మీద ఏది లేచినా అమ్మవారి ఖాతాలోకే వెళ్ళిపోతుంది. గుమ్మానికి వేపమండ కట్టి, వేపాకు పసుపు నూరి పూసి, తొమ్మిదో రోజునో పదకొండో రోజునో తలకి నీళ్ళు పోశారంటే సరే, కానీ అది తట్టు కూడా కావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడం ఆచారం కాబట్టి కాగితం ఉండదు.

అందుకే "అమ్మవారు పోసిందా?" అని కాకుండా ఇలా అడగండి. నీటి పొక్కులా, ఉత్త ఎర్ర దద్దురా? పొక్కులే అయితే అన్నీ ఒక్కసారే లేచాయా, లేక ఒక పక్క కొత్తవి లేస్తుంటే ఇంకో పక్క పాతవి పక్కు కట్టాయా? ఆటలమ్మలో మొగ్గ, పొక్కు, పక్కు మూడూ ఒకే రోజు ఒకే చోట కనిపిస్తాయి. కడుపు మీదా వీపు మీదా ఎక్కువ ఉంటాయి, తలలో జుట్టు కింద కూడా లేస్తాయి. తట్టులో పొక్కులు ఉండవు. జ్వరం, దగ్గు, ఎర్రబడ్డ కళ్ళు, తర్వాత దద్దురు. అరచేతుల్లో, అరికాళ్ళలో, నోట్లో మాత్రమే లేస్తే అది చేతులూ కాళ్ళూ నోరూ పట్టే వేరే వైరస్. అన్నిటికన్నా గట్టి ప్రశ్న ఒకటుంది: రెండు వారాల తర్వాత ఇంట్లో ఇంకొకరికి వచ్చిందా? జబ్బు పొదిగే కాలం 10 నుంచి 21 రోజులు. అన్నకి వచ్చిన రెండు వారాలకి చెల్లికి వచ్చిందంటే ఆ జ్ఞాపకాన్ని నమ్మొచ్చు. సర్పి వచ్చిందని డాక్టరు నిర్ధారించినా సరే, ఆటలమ్మ వచ్చి వెళ్ళినట్టే. ఒంట్లో నిద్రపోయిన ఆ వైరసే సర్పిగా లేస్తుంది.

ఇంకో పొరపాటు భుజం మీద మచ్చతో వస్తుంది. "మాకు అమ్మవారి టీకా వేశారు, ఇదిగో మచ్చ" అంటారు యాభై దాటినవాళ్ళు. అది మశూచి టీకా మచ్చ. దేశంలో మశూచి చివరి కేసులు 1975లోనే అయిపోయాయి. కుర్రవాళ్ళ ఎడమ భుజం మీద కనిపించేది బీసీజీ మచ్చ, అది క్షయకి. ఈ రెండింటికీ ఆటలమ్మతో ఏ సంబంధమూ లేదు.

అమ్మ దగ్గర తేలకపోతే అప్పుడు ల్యాబు. కౌంటర్లో "చికెన్‌పాక్స్ టెస్టు" అంటే చాలదు. అలా అడిగితే ఐజీఎం (జబ్బు కొత్తగా వచ్చినప్పుడు పుట్టే యాంటీబాడీ) రాసేవాళ్ళున్నారు, రెండూ కలిపి ప్యాకేజీగా రాసి రెట్టింపు బిల్లు వేసేవాళ్ళూ ఉన్నారు. కావలసింది ఐజీజీ ఒక్కటే. బిల్లు చేతికి రాగానే ఆ రెండక్షరాల తర్వాత జీ ఉందో ఎం ఉందో చూసుకోండి. పరగడుపున రానక్కర్లేదు. ఎర్ర మూత ట్యూబులోగాని, పసుపు మూత జెల్ ట్యూబులోగాని మూడు నుంచి అయిదు మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేలిన సీరం పరీక్షకి వాడతారు. ఇంటికి వచ్చి తీసేవాళ్ళతో ఒక జాగ్రత్త: సీబీసీకి (రక్తకణాల లెక్కకి) వాడే ఊదా మూత ట్యూబు ఒక్కటే నింపుకుని వెళ్ళిపోతే, మర్నాడు "శాంపిల్ సరిపోలేదు, మళ్ళీ తీయాలి" అని ఫోను వస్తుంది. సూదితో గట్టిగా లాగి రక్తకణాలు చితికితే సీరం ఎర్రబడుతుంది. అప్పుడూ అదే ఫోను.

రిపోర్టు ఎప్పుడొస్తుందన్నది పద్ధతిని బట్టి ఉంటుంది. ఎలైసా అనే పద్ధతిలో వాడే ప్లేటులో 96 గుంటలుంటాయి. కొన్ని పరీక్ష సరిగ్గా నడిచిందో చూసే కంట్రోళ్ళకీ కాలిబ్రేటర్లకీ పోతాయి, మిగతావి రోగుల శాంపిళ్ళకి. ఒక్కరి కోసం ప్లేటు తెరిస్తే ల్యాబుకి నష్టం, అందుకని శాంపిళ్ళు పోగయ్యేదాకా ఆగి, వారానికి ఒకటి రెండు రోజులే నడుపుతారు. మీ ఊరి కలెక్షన్ సెంటర్ నుంచి శాంపిల్ పెద్ద ల్యాబుకి ప్రయాణం చేయాలి, అది అదనం. క్లియా అనే ఇంకో పద్ధతి యంత్రం ఉన్న చోట ఒక్కొక్క శాంపిల్‌నీ విడిగా నడపొచ్చు, అదే రోజు ఫలితం ఇవ్వగలరు. కాబట్టి ధర అడిగేముందు "ఏ పద్ధతి? ఏ రోజు రన్ చేస్తారు?" అని అడగండి. కౌంటర్లో అమ్మాయికి తెలియకపోతే లోపల టెక్నీషియన్‌కి తెలుస్తుంది. మామూలుగా అయితే అయిదు రోజులు ఆగినా పోయేదేమీ లేదు. గర్భిణికి ఆటలమ్మ రోగి తగిలినప్పుడు ఆ అయిదు రోజులే అన్నీ.

రిపోర్టు చదవడం దగ్గర చాలామంది తికమక పడతారు. ఒక ల్యాబు 1.5 అని ఇస్తుంది, ఇంకొకటి 150 అని. మొదటిది పాజిటివ్, రెండోది అటూ ఇటూ కాని ఫలితం కావచ్చు! ఎందుకంటే కిట్‌కో కొలత. చాలా ఎలైసా కిట్లు ఇండెక్స్‌లో చెబుతాయి: 0.9 కన్నా తక్కువ నెగటివ్, 1.1 పైన పాజిటివ్, మధ్యలో సందిగ్ధం. బాగా వాడుకలో ఉన్న ఒక క్లియా కిట్‌లో 135 కన్నా తక్కువ నెగటివ్, 165 నుంచి పాజిటివ్. పక్కనున్న రిఫరెన్స్ గడి చూడకుండా అంకెని మాత్రమే వాట్సాప్‌లో పంపి "బాగానే ఉందా?" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఇద్దరి అంకెలు పోల్చి, ఎక్కువ ఉన్నవాళ్ళకి ఎక్కువ రక్షణ అనుకోవడం కూడా తప్పే. పాజిటివ్ గీత దాటితే చాలు.

గోడ మీద పిల్లిలా మధ్యలో ఆగిన ఫలితం వస్తే? మళ్ళీ మళ్ళీ పరీక్ష చేయించడం కన్నా, గర్భం లేనివాళ్ళూ రోగనిరోధక శక్తి బాగున్నవాళ్ళూ దాన్ని నెగటివ్‌గానే లెక్కగట్టి టీకా వేయించుకోవడం మేలు. ఒంట్లో ఇప్పటికే యాంటీబాడీలున్నా టీకా వల్ల హాని లేదు.

ఇక ఈ పరీక్ష ఎక్కడ చేతులెత్తేస్తుందో చూద్దాం. మా ఫిర్యాదు పరీక్ష మీద కన్నా దాన్ని అమ్మే తీరు మీద ఎక్కువ.

మొదటిది, టీకా వేయించుకున్నవాళ్ళు. సహజంగా ఆటలమ్మ వచ్చినవాళ్ళలో యాంటీబాడీలు దండిగా ఉంటాయి. టీకా వల్ల వచ్చేవి తక్కువ. వాణిజ్యపరంగా దొరికే కిట్లు ఆ తక్కువ మోతాదుని పట్టుకోలేక తరచుగా నెగటివ్ చూపిస్తాయి. రక్షణ మాత్రం ఉంటుంది. అందుకే టీకా తర్వాత ఐజీజీ చేయించొద్దని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. రెండు డోసులకీ కాగితం ఉంటే, తర్వాత వచ్చిన నెగటివ్ రిపోర్టు కన్నా ఆ కాగితానిదే పైచేయి అని కూడా చెబుతుంది. ఫైల్లో టీకా కార్డు పెట్టుకుని టైటర్ (యాంటీబాడీల కొలత) కోసం ల్యాబుల చుట్టూ తిరగడం, పిల్లాణ్ణి చంకన పెట్టుకుని ఊరంతా వెతికినట్టే.

రెండోది, ఒంటి మీద పొక్కులున్నప్పుడు. పొక్కులు లేచిన మొదటి రోజుల్లో ఐజీజీ ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. ఐజీఎం నమ్మదగింది కాదు, వేరే హెర్పిస్ వైరస్‌లకి కూడా పాజిటివ్ చూపిస్తుంది. చూసి చెప్పగలిగే డాక్టరు ఉంటే పరీక్షే అక్కర్లేదు. అనుమానంగా ఉంటే పొక్కులోని నీళ్ళు గాని, ఎండిన పక్కు గాని తీసి పీసీఆర్ (వైరస్‌నే నేరుగా పట్టే పరీక్ష) చేయించడమే సరైన దారి.

మూడోది, అరువు యాంటీబాడీలు. రక్తమో ప్లాస్మానో ఎక్కించుకున్నవాళ్ళకీ, ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు) తీసుకున్నవాళ్ళకీ దాతల యాంటీబాడీలు కొన్ని నెలలు కనిపిస్తాయి. ఏడాది లోపు పసివాళ్ళలో తల్లివి కనిపిస్తాయి. ఆ పాజిటివ్‌ని నమ్ముకోకూడదు.

డబ్బు లెక్క కూడా వేద్దాం. పరీక్ష 1,200 రూపాయలు, టీకా ఒక డోసు 2,200 అనుకుందాం. ధరలు ఊరికీ ల్యాబుకీ మారతాయి, మీ అంకెలు పెట్టుకోండి. పరీక్ష లేకుండా నేరుగా రెండు డోసులు వేయిస్తే మనిషికి 4,400. పద్దెనిమిదేళ్ళ వాళ్ళలో నూటికి ఎనభైమందికి రక్షణ ఉందనుకుంటే, ముందు పరీక్ష చేసి, మిగిలిన ఇరవైమందికే టీకా వేస్తే సగటున మనిషికి 1,200 ప్లస్ 880, అంటే 2,080. సగం కన్నా తక్కువ. ముప్ఫై అయిదేళ్ళ వాళ్ళకి ఇంకా తగ్గి 1,600 దగ్గరికి వస్తుంది. అదే నాలుగేళ్ళ పిల్లలకైతే 1,200 ప్లస్ 3,124, అంటే 4,324. మిగిలేది 76 రూపాయలు, దానికోసం పిల్లకి ఒక సూదిపోటు అదనం. కాబట్టి పిల్లలకి పరీక్ష వద్దు, నేరుగా టీకా. పెద్దలకి పరీక్ష ముందు. నర్సింగ్ కాలేజీ, పారామెడికల్ కోర్సులవాళ్ళు అడ్మిషన్ల వారంలోనే అందరి శాంపిళ్ళూ ఒకేసారి పంపితే ప్లేటు నిండుతుంది, ఫలితం త్వరగా వస్తుంది, ధర తగ్గించమని అడగడానికీ వీలుంటుంది.

విదేశాలకి వెళ్ళే తెలుగువాళ్ళకి ఈ పరీక్షతో పని ఎక్కువ. అమెరికా విశ్వవిద్యాలయాల ఫారాల్లో 'వరిసెల్లా టైటర్' అన్నది ఇదే. అక్కడ ఒక నిబంధన చాలామందిని బోల్తా కొట్టిస్తుంది: 1980కి ముందు పుట్టినవాళ్ళకి రక్షణ ఉన్నట్టే లెక్క. అది అమెరికాలో పుట్టినవాళ్ళకే. తెనాలిలోనో కరీంనగర్‌లోనో 1975లో పుట్టినవాళ్ళకి వర్తించదు. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళకీ గర్భిణులకీ అయితే అమెరికాలో పుట్టినా వర్తించదు. విద్యార్థులు ముందు టీకా కార్డు అప్‌లోడ్ చేయండి, కార్డు లేకపోతేనే టైటర్. రెండూ పెట్టి, టైటర్ నెగటివ్ వస్తే మూడో డోసు వేయించుకోమనే మెయిలు కోరి తెచ్చుకున్నట్టు. బ్రిటన్‌లో నర్సుగా చేరేవాళ్ళకి పద్ధతి ఇంకోలా ఉంటుంది. వేరే దేశాల్లో పుట్టి పెరిగినవాళ్ళ "చిన్నప్పుడు వచ్చింది" అన్న మాట అంత నమ్మకమైంది కాదని అక్కడి టీకా మార్గదర్శకమే చెబుతుంది, రక్తపరీక్ష చేయించమంటుంది. అమ్మవారి ఖాతా సంగతి వాళ్ళకీ తెలిసినట్టుంది.

పరీక్ష నెగటివ్ వచ్చాక టీకా. ఇది బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసిన టీకా. 1974లో జపాన్ వైద్యుడు మిచియాకి తకహాషి తయారుచేశాడు. వైరస్ ఏ పిల్లాడి పొక్కు నుంచి తీశారో ఆ పిల్లాడి ఇంటిపేరుతో దాన్ని ఓకా స్ట్రెయిన్ అంటారు. మన దేశంలో ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు. ప్రైవేటులోనే, సొంత డబ్బుతోనే. పదమూడేళ్ళు దాటిన అందరికీ రెండు డోసులు, మధ్య నాలుగు నుంచి ఎనిమిది వారాల ఎడం. ఒక డోసు తర్వాత పెద్దవాళ్ళలో నూటికి 75 నుంచి 80 మందిలోనే యాంటీబాడీలు పుడతాయి, రెండో డోసుతో 99 మందిలో. ఒక్క డోసు వేయించుకుని మానేసేవాళ్ళు ఎందుకు మానేస్తారో తెలియదు గాని, సగం కట్టిన గోడే అది. పసితనంలో ఒక్క డోసు పడిన కుర్రవాళ్ళు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. వాళ్ళకి ఇంకొక్క డోసు చాలు. ఎన్నేళ్ళ గ్యాప్ వచ్చినా మొదటి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు.

టీకా వేసేటప్పుడు చూడాల్సినవి కొన్ని. పొడి ఉన్న సీసా ఒకటి, కలిపే నీళ్ళు ఒకటి, రెండూ వేరుగా వస్తాయి. మీ ముందే కలపమనండి. టీకా బ్రాండు వారిల్‌రిక్స్ అయితే కలిపాక లేత గులాబీ రంగులో తేటగా ఉంటుంది. మొత్తం 0.5 మిల్లీలీటర్లూ లాగాలి. ఇంకో బ్రాండు వారివాక్స్ లేబుల్ ప్రకారం కలిపిన అరగంట దాటితే పారెయ్యాలి. ఉదయం కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలోంచి సాయంత్రం ఇస్తామంటే ఏ బ్రాండైనా వద్దనండి. భుజం పైభాగంలో చర్మం కింద ఇస్తారు. స్పిరిట్ దూది తుడిచాక చర్మం పూర్తిగా ఆరాలి. తడి మీదే పొడిస్తే స్పిరిట్ బతికున్న వైరస్‌ని చంపేయగలదు. పది సెకన్ల పని, కానీ అవతల లైనులో పాతికమంది ఉన్నప్పుడు మొదట ఎగిరిపోయేది ఇదే. మెడికల్ షాపులో కొని మీరే క్లినిక్‌కి తీసుకెళ్ళాల్సి వస్తే ఐస్ ప్యాక్ డబ్బా లేకుండా కదలొద్దు. మే నెల మధ్యాహ్నం స్కూటర్ డిక్కీలో వెళ్ళిన టీకాకి హామీ ఎవరూ ఇవ్వలేరు.

పేర్లతో ఒక తిరకాసు: షింగ్రిక్స్ కూడా ఇక్కడ దొరుకుతోంది. అది సర్పికి, ముఖ్యంగా యాభై దాటినవాళ్ళకి. ఆటలమ్మ రాకుండా ఆపడానికి కాదు. వారిల్‌రిక్స్, షింగ్రిక్స్ రెండూ ఒకే కంపెనీవి, పేరు చివర ఒకేలా ఉంటుంది. పెట్టె మీద పూర్తి పేరు చదివాకే సీల్ తీయనివ్వండి.

వేయించుకున్నాక నలుగురిలో ఒకరికి భుజం నొప్పి, ఎరుపు. నూటికి అయిదుగురికి అటూ ఇటూగా, వారం దాటాక ఒంటి మీద నాలుగైదు పొక్కులు లేవొచ్చు. అవి ఎండేదాకా గర్భిణులకీ క్యాన్సర్ మందులు వాడేవాళ్ళకీ దూరంగా ఉండాలి. ఆరు వారాలు ఆస్పిరిన్ వేసుకోకూడదు. గుండెకోసం రోజూ వాడేవాళ్ళు మానేయకుండా డాక్టర్ని అడగాలి. గర్భిణులకి ఈ టీకా ఇవ్వరు. వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి. రోజుకి 20 మిల్లీగ్రాములో ఆ పైనో ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మందు రెండు వారాలో అంతకన్నా ఎక్కువో వాడినవాళ్ళు అది ఆపాక నెలైనా ఆగాలి. రక్తమో ఐవీఐజీయో తీసుకుని ఉంటే మోతాదుని బట్టి 3 నుంచి 11 నెలలు. ఎంఎంఆర్ లాంటి ఇంకో బతికున్న టీకా ఉంటే రెండూ ఒకే రోజు వేయించుకోవచ్చు, లేదంటే నాలుగు వారాల ఎడం ఉండాలి. పాలిచ్చే తల్లులు నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు.

మార్కులు వేయమంటే: సరైన మనిషికి సరైన సమయంలో పరీక్షకి అయిదుకి నాలుగున్నర. టీకా వేసుకున్నవాళ్ళ మీద వాడితే ఒకటిన్నర. రెండు డోసుల టీకాకి నాలుగున్నర, ఆ అర తగ్గించింది ధరకి. చాలా ల్యాబుల కౌంటర్లలో ఈ తేడా చెప్పేవాళ్ళు లేకపోవడానికి రెండు.

చివరిగా, పరీక్ష అత్యవసరమయ్యే సందర్భం. ఇంట్లోనో ఆఫీసులోనో ఒకరికి పొక్కులు లేచాయి, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి రక్షణ ఉందో లేదో తెలియదు. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే రోగి అంటిస్తాడు కాబట్టి లెక్క ఆ రోజు నుంచి మొదలుపెట్టండి. గర్భం లేనివాళ్ళూ ఆరోగ్యంగా ఉన్నవాళ్ళూ రిపోర్టు కోసం ఆగకుండా మూడు రోజుల్లోపు, మహా అయితే అయిదు రోజుల్లోపు టీకా వేయించుకుంటే జబ్బు రాకుండానో, వచ్చినా తేలిగ్గా పోయేట్టో చేయొచ్చు. గర్భిణి అయితే టీకా కుదరదు. మొదటి 20 వారాల్లో తల్లికి వస్తే నూటికి ఒకరిద్దరు బిడ్డలకి లోపాల ముప్పు, కాన్పుకి అయిదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా వస్తే పసిబిడ్డ ప్రాణానికే ముప్పు. ఆమెకి ఐజీజీ ఆ రోజే చేయించాలి. తగిలిన వారం రోజుల్లోపు తీసిన రక్తంలో ఐజీజీ పాజిటివ్ వస్తే అది పాత రక్షణే, నిశ్చింతగా ఉండొచ్చు. నెగటివ్ వస్తే ఇమ్యూనోగ్లోబులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) పదో రోజు దాటకుండా ఇవ్వాలి, అది దొరకడం కష్టం కాబట్టి దానికి బదులుగా వైరస్ మందుల గురించి గైనకాలజిస్టు నిర్ణయిస్తారు. అందుకని ఆ రోజు ల్యాబుకి ఫోను చేసినప్పుడు "రేటెంత?" అని కాదు, "క్లియా ఉందా, సాయంత్రానికి ఇస్తారా?" అని అడగండి. లేదంటే వెంటనే రెండో ల్యాబుకి ఫోను కలపండి.